కూలర్ అడుగు నీళ్లు

మే నెలాఖరుకు కూలర్ ట్యాంకు కడిగే పని ఇంట్లో నా వంతుకు వస్తుంది. గడ్డి పలకల మీద తెల్లటి పొర పెంకులా కట్టి ఉంటుంది. గోటితో గీకితే సుద్దపొడిలా రాలుతుంది. అడుగున ఓ బిందెడు నీళ్లు మిగిలి ఉంటాయి. పోసినప్పుడు తేటగా ఉన్న బోరు నీళ్లే అవి. సీజను గడిచేసరికి రంగు మారి, జిగటగా, పాచి వాసనతో ఉంటాయి. ఒక ఏడాది పారబోయడం ఎందుకని వాటిని మల్లెపాదులో పోశాను. రెండు వారాలు తిరక్కముందే ఆకుల అంచులు మాడినట్టు అయ్యాయి. మా అమ్మ చూసి, "కూలర్ నీళ్లు ఎవరైనా మొక్కకు పోస్తార్రా?" అంది. ఏమవుతుందని అడిగితే, "ఆవిరయ్యేది నీళ్లే కదా, ఉప్పు ఎక్కడికి పోతుంది?" అని లోపలికి వెళ్లిపోయింది.

డేటా సెంటర్ల నీటి సంగతి మీద నేను తిరగేసిన కాగితాల్లో ఆ ఒక్క ముక్కకు మించిన వివరణ దొరకలేదు. కంప్యూటర్లు తాగిన కరెంటంతా చివరికి వేడిగా తేలుతుంది. ఆ వేడిని మోసుకొచ్చిన నీటిని చాలాచోట్ల కూలింగ్ టవర్ పైనుంచి జల్లుగా వదులుతారు. పెద్ద ఫ్యాన్లు దానికి ఎదురుగా గాలి లాగుతాయి. కొంత నీరు ఆవిరవుతూ మిగతా నీటిని చల్లబరుస్తుంది. మన కూలరే, కాకపోతే ఇల్లంత ఎత్తు. పోయిన మేరకు కొత్త నీరు నింపుతారు, దానికి మేకప్ నీరని పేరు. నింపిన కొద్దీ కాల్షియం, సిలికా, క్లోరైడ్ తొట్టిలో పేరుకుంటాయి. హద్దు దాటితే గొట్టాలకు పెంకు కడుతుంది, లోహం తుప్పు పడుతుంది. కాబట్టి అడుగు నీళ్లు కొంత ఎప్పటికప్పుడు బయటికి వదలాలి. ప్లాంటు మనుషులు దాన్ని 'బ్లోడౌన్ ఇవ్వడం' అంటారు.

ఆ బ్లోడౌన్ నీటిని మర్యాదగా నదికి అప్పజెప్పిన ఒక ఏర్పాటునీ, అది దొడ్డిదారి పట్టకుండా నలభై ఏళ్ల కిందట రాసిన కొన్ని వాక్యాలనీ ఇక్కడ దగ్గరగా చూద్దాం. ఒకటి ఇనుముతో చేసిన పని, ఇంకోటి మాటలతో చేసిన పని. రెంటిలోనూ పనివాడి చెయ్యి ఒకటేనని నాకు అనిపిస్తుంది.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు పడమట, డగ్లస్ కౌంటీ ఉంది. గూగుల్ డేటా సెంటర్ అక్కడ మొదలైంది 2007లో. అదే ఏడు ఆ రాష్ట్రానికి గడ్డు కరువు. అట్లాంటాకు తాగునీరిచ్చే లేనియర్ జలాశయం అడుగంటింది. నవంబరులో గవర్నరు సోనీ పెర్డ్యూ శాసనసభ భవనం మెట్ల మీద జనాన్ని పోగుచేసి వాన కోసం ప్రార్థన చేయించారు. మన ఊళ్లలో కప్పతల్లి ఆడినట్టే. వాళ్లు సూట్లు వేసుకుని చేశారు, అంతే తేడా. ఆ జలాశయాన్ని నింపేది చట్టహూచీ నది. కమ్మింగ్, జాన్స్ క్రీక్ ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగువాళ్లు వేలమంది తాగేది ఆ నీళ్లే. నది అక్కణ్నుంచి అట్లాంటా పక్కగా డగ్లస్ కౌంటీ మీదికొచ్చి, అలబామా సరిహద్దు వెంట నడిచి, చివరికి వేరే పేరుతో ఫ్లోరిడా దాటి సముద్రంలో కలుస్తుంది. ఆ నీటి కోసం మూడు రాష్ట్రాలూ దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. ఫ్లోరిడా, జార్జియాల తగవును సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. కృష్ణా జలాల పంచాయితీ చూసిన మనకు ఇది విప్పిచెప్పనక్కర్లేదు.

డేటా సెంటర్ మొదట ఊరి మంచినీళ్లే వాడుకుంది. యంత్రాన్ని చల్లబరచడానికి తాగే నీరెందుకన్న ఆలోచన తర్వాత వచ్చింది. స్థానిక నీటి, మురుగు సంస్థతో కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ సంస్థ ఊరి మురుగును శుద్ధి చేసి చట్టహూచీలోకి వదులుతుంది. అలా వదిలే నీటిలో 30 శాతం దాకా మధ్యలోనే మళ్లించి, ఇంకోసారి శుద్ధి చేసి, గొట్టంలో పంపే చిన్న ప్లాంటు ఒకటి డేటా సెంటర్‌కు సుమారు ఐదు మైళ్ల పడమట కట్టారు. కంపెనీ 2012లో బయటపెట్టిన వివరం ప్రకారం, అప్పటికి అక్కడి చల్లదనానికి వాడే నీరంతా ఇలా మళ్లించిందే. అందరూ మెచ్చుకున్నది ఈ భాగాన్ని. పత్రికల్లో బొమ్మలు పడ్డవీ దీనివే.

నాకు నచ్చింది రెండో సగం. ఆవిరి కాగా మిగిలిన నీటి కోసం డేటా సెంటర్ ఆవరణలోనే ఇంకో శుద్ధి కేంద్రం కట్టారు. అక్కడ సూక్ష్మజీవులను చంపి, ఖనిజాల ఘనపదార్థం తీసేసి, అప్పుడు నదికి పంపుతారు. ఖర్చు లేని దారి ఒకటి పక్కనే ఉంది మరి: బ్లోడౌన్‌ను ఊరి మురుగుకాల్వలో కలిపేసి చేతులు దులుపుకోవచ్చు. చాలా ఊళ్లలో జరిగేది అదే. ఇక్కడ ఆ దారి ఎందుకు పనికిరాదో ఒక్క నిమిషం ఆలోచిస్తే పనితనం కనిపిస్తుంది.

మురుగు శుద్ధి కేంద్రం బతికేది బ్యాక్టీరియా మీద. అవి మలినాన్ని తింటాయి, కరిగిన ఉప్పును మాత్రం ముట్టుకోవు. ఉప్పు ఎలా వచ్చిందో అలాగే బయటికి పోతుంది. ఇప్పుడు డేటా సెంటర్ తన చిక్కటి నీటిని ఆ కేంద్రానికే పంపిందనుకోండి. అక్కణ్నుంచి బయటికొచ్చిన నీటిలో 30 శాతం దాకా మళ్లీ డేటా సెంటర్‌కే వస్తుంది. పోయినసారి వదిలిన ఉప్పులో కొంత ఈసారి మేకప్ నీటిలో తిరిగొస్తుంది. గానుగెద్దులా ఉప్పు ఆ వలయంలో తిరుగుతూ పెరుగుతుంది. వాడుకునే నీరు మురుగునీరైనప్పుడు, వదిలే నీటికి వేరే దారి చూపించక తప్పదు. మొదటి సగం గొప్పతనం రెండో సగం మీద ఆధారపడి నిలబడింది.

ఇక బ్లోడౌన్‌ను వదిలే వాల్వు దగ్గరికి వద్దాం. ఒక మెగావాటు వేడిని నీటి ఆవిరితోనే వదిలించుకోవాలంటే రోజుకు దాదాపు 36,000 లీటర్లు ఆవిరి కావాలి. ఇది నీటి గుప్తోష్ణం నుంచి ఎవరైనా కట్టుకోగల లెక్క. తొట్టిలో నీరు మేకప్ కంటే ఎన్ని రెట్లు చిక్కబడ్డాక బయటికి వదులుతారో ఆ సంఖ్యను ప్లాంట్లలో సైకిల్స్ అంటారు. రెండు రెట్లకే వదిలేస్తే, ఆవిరైనంత నీరూ బ్లోడౌన్‌గా పోతుంది: 36,000 లీటర్లు. మొత్తం వాడకం 72,000. నాలుగు రెట్ల దాకా ఆగితే బ్లోడౌన్ 12,000, వాడకం 48,000. ఎనిమిది రెట్ల దాకా ఆగితే బ్లోడౌన్ సుమారు 5,100, వాడకం 41,000 చిల్లర. రెండు నుంచి నాలుగుకు వెళ్తే 24,000 లీటర్లు మిగిలాయి. నాలుగు నుంచి ఎనిమిదికి వెళ్తే 7,000 కూడా మిగల్లేదు.

లెక్కలో తిరకాసు ఇంకా ఉంది. మేకప్ నీటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకుంటే, నాలుగు రెట్ల దగ్గర బయటికొచ్చే నీటిలో 1,200, ఎనిమిది రెట్ల దగ్గర 2,400. వాగులో చేపకు తగిలేది ఆ గాఢత. "మేం నీటి వాడకం ఇంత తగ్గించాం" అని కంపెనీ ప్రకటన చూసినప్పుడల్లా నాకు ఈ రెండో అంకె గుర్తొస్తుంది. నీరు ఆదా చేసిన కొద్దీ మిగిలిన నీరు ఘాటెక్కుతుంది. అలాగని రోజుకు మోసే ఉప్పు బరువు పెద్దగా తగ్గదు: నాలుగు రెట్ల దగ్గర 14 కిలోల పైచిలుకు, ఎనిమిది రెట్ల దగ్గర 12 కిలోల పైచిలుకు. వాడకం అంకె ఒక్కటే చూసి శభాష్ అనేవాళ్లు సగం లెక్కే చూసినట్టు.

నీరు ఎప్పుడు వదలాలన్న ఈ నిర్ణయం రోజంతా తీసుకునేది మనిషి కూడా కాదు. తొట్టి గొట్టంలో వేలెడంత ప్రోబ్ ఒకటి ఉంటుంది. నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తుంది. ఉప్పు పెరిగితే అంకె పెరుగుతుంది, హద్దు చేరగానే వాల్వు తెరుచుకుంటుంది, తగ్గగానే మూసుకుంటుంది. ఇంతవరకు మామూలే. తెలివంతా మందు వేసే వేళ బయటపడుతుంది. పాచి, బ్యాక్టీరియా పట్టకుండా తొట్టిలో క్రిమిసంహారకం వేస్తారు. వేసిన మరుక్షణం వాల్వు తెరుచుకుందంటే ఆ విషం ఘాటుగా ఉండగానే కాల్వలోకి పోతుంది; డబ్బూ పోతుంది, కాల్వా చస్తుంది. అందుకని మంచి పనివాడు నియంత్రణ పెట్టెలో రెండు పనులు రాసి పెడతాడు. మందు వేయడానికి ముందే కాస్త ఎక్కువ నీరు వదిలి ఉప్పును కిందికి దించుతాడు. వేశాక కొన్ని గంటలు వాల్వుకు తాళం. ప్రోబ్ ఎంత మొత్తుకున్నా అది తెరుచుకోదు. మందు తన పని చేసుకుని, విరిగిపోయి, నీరసించాకే నీటికి బయటి దారి. తొట్టిలో ముందే చోటు చేసిపెట్టాడు గనక ఆ గంటలు ఉప్పు హద్దు దాటకుండా గడుస్తాయి. పురిటికి ముందు నీళ్లు కాచి పెట్టుకునే మంత్రసాని ఒడుపు అది.

డగ్లస్ ఏర్పాటుకు నేను పూర్తి మార్కులు వేయను. ఆవిరైన నీరు ఆ నదికి తిరిగి రాదు. శుద్ధి చేసిన మురుగు కూడా దిగువ వాళ్లకు నదే, అందులో మళ్లించిన వాటా వాళ్ల లెక్కలో తరుగే. తీసేసిన ఖనిజం సంగతి సరేసరి. నీటిలో లేదంటే బురదగానో ముద్దగానో ఇంకెక్కడో ఉంది. ఉప్పు ఎక్కడికి పోతుందన్న మా అమ్మ ప్రశ్నకు ఇక్కడ కూడా జవాబు సగమే. అయినా ఎవరూ అడగని రెండో సగాన్ని ఆలోచించి కట్టిన చోటు గనక దాన్ని చూపిస్తున్నాను.

మాటల పని దగ్గరికి రావాలంటే ముందు కాలిఫోర్నియా ఎడారిలోని హింక్లీ అనే పల్లెకు వెళ్లాలి. అక్కడ పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ గ్యాస్ కంప్రెసర్ కేంద్రంలో కూలింగ్ టవర్లు తుప్పు పట్టకుండా హెక్సావాలెంట్ క్రోమియం కలిపేవారు. పేరు నోరు తిరగదు గానీ పసుపుపచ్చటి విషం. 1952 నుంచి 1966 దాకా ఆ బ్లోడౌన్‌ను అడుగున ఏ పొరా లేని గుంటల్లో వదిలారు. అది ఇంకి ఊరి బావుల్లోకి చేరింది. 1996లో కంపెనీ 333 మిలియన్ డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆ వ్యాజ్యం వెనకున్న ఎరిన్ బ్రాకోవిచ్ పేరుతో 2000లో సినిమా వచ్చింది, చాలామంది చూసే ఉంటారు. సినిమాలో జూలియా రాబర్ట్స్ గుర్తుంటుంది. ఆ గుంటల్లోది కూలింగ్ టవర్ అడుగు నీరేనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

అలాంటి నీటికి అమెరికా పర్యావరణ సంస్థ 1982 నవంబరులో విద్యుత్ కేంద్రాల కోసం ఒక నియమం రాసింది. చట్టాల భాష చదవడం నాకు సరదా ఏమీ కాదు. ఈ ఒక్క పేజీని మాత్రం మంచి వడ్రంగి చేసిన తలుపును చూసినట్టు చూస్తాను, కీలు ఎక్కడ పెట్టాడా అని.

మొదటి కీలు క్లోరిన్. బ్లోడౌన్‌లో స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్ సగటున లీటరుకు 0.2 మిల్లీగ్రాములు, ఏ క్షణంలోనూ 0.5 దాటకూడదు. అంకె పెట్టి ఊరుకోలేదు. ఏ యూనిట్ నుంచైనా రోజుకు రెండు గంటలకు మించి క్లోరిన్ ఉన్న నీరు బయటికి రాకూడదు, కేంద్రంలో ఒకేసారి ఒక్క యూనిట్ నుంచి తప్ప రాకూడదు. అలా నడపడం సాధ్యం కాదని అధికారి ముందు నిరూపించుకుంటే తప్ప ఇదే పద్ధతి. రాసినవాడికి టవర్ తెలుసు. అన్ని యూనిట్లకూ ఒకేసారి మందు వేసి ఒకేసారి వదిలితే, ప్రతి గొట్టంలోనూ అంకె సరిగానే ఉంటుంది, వాగులో చేపలు మాత్రం తేలతాయి. అంకె కింద గడియారం కట్టాడు అందుకే.

రెండో కీలు ఇంకా నాజూకు. టవర్ నిర్వహణకు మీరు కలిపే రసాయనాల్లో 126 విషపదార్థాల జాబితాలోది ఏదీ బ్లోడౌన్‌లో కనిపించే మోతాదులో ఉండకూడదు. మినహాయింపు రెండింటికే: క్రోమియం 0.2, జింకు 1.0 మిల్లీగ్రాములు. ఇక్కడ 'మీరు కలిపే' అన్న మాట మోస్తున్న బరువు చూడండి. నదిలోంచి తెచ్చుకున్న నీటిలోనే ఉన్నదానికి మిమ్మల్ని పట్టుకోం, మీ చేత్తో వేసినదానికి వదలం అని ఆ ఒక్క పదం చెబుతోంది.

మూడో కీలు దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడతాను. చారులో ఉప్పెక్కువైతే ఇంకో గ్లాసు నీళ్లు పోసి సరిపెట్టడం ప్రతి వంటింటికీ తెలిసిన కిటుకు. కాలుష్యం లెక్కల్లోనూ అందరూ వేసే మొదటి ఎత్తు అదే. చిక్కటి నీటిలో వాననీళ్లో, వేరే గొట్టం నీళ్లో కలిపితే గాఢత దిగిపోతుంది, పరీక్షలో పాసవుతుంది, వాగుకు చేరే బరువు మాత్రం అంతే ఉంటుంది. ఈ నియమం ఆ కిటుకుకు రెండువైపులా మేకు కొట్టింది. హద్దును గాఢతగా వదిలేయకుండా, బ్లోడౌన్ ప్రవాహాన్ని గాఢతతో గుణిస్తే వచ్చే బరువుగా లెక్కగట్టింది. ఆపైన, వేర్వేరు చోట్ల నీళ్లు కలిపి శుద్ధి చేసినా వదిలినా, ఒక్కో చోటి నుంచి వచ్చిన కాలుష్యం ఆ చోటికి పెట్టిన హద్దు దాటకూడదంది. అంటే చారును చారుగా ఉన్నప్పుడే రుచి చూస్తాం, మీరు నీళ్లు పోశాక పిలవకండి అని.

లోటు కూడా చెప్పాలి. ఇది బొగ్గు, గ్యాస్, అణు విద్యుత్ కేంద్రాల కోసం రాసింది. డేటా సెంటర్ల పేరిట అమెరికాలో జాతీయ స్థాయి పట్టిక లేదు. అనుమతి పత్రం రాసే ఉద్యోగి తన వృత్తి విచక్షణతో హద్దులు పెట్టుకోవచ్చని చట్టం వీలిచ్చింది. ఆ ఉద్యోగి శ్రద్ధాపరుడైతే పై వాక్యాలను అరువు తెచ్చుకుంటాడు, కాకపోతే లేదు. ఒహాయో రాష్ట్రం 2025 చివర్లో డేటా సెంటర్లన్నిటికీ కలిపి ఒకే సాధారణ అనుమతి ముసాయిదా ముందుకు తెచ్చింది. పని తేలికవుతుంది, నిజమే. కానీ పెద్ద నది ఒడ్డున ఉన్న టవర్‌కూ, పిల్లకాల్వ ఒడ్డున ఉన్న టవర్‌కూ ఒకే కొలతతో కుట్టిన చొక్కా నప్పుతుందంటే నేను నమ్మను.

పిల్లకాల్వ అన్నాను గనక ఇంకో పనిముట్టు చెప్పాలి. వాగులో నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది ఏ రోజు చూడాలి? వరద రోజు చూస్తే అంతా పలచబడిపోతుంది. అక్కడి అనుమతి రాసేవాళ్లు దీనికి వాడే కొలత ఒకటుంది: వరసగా ఏడు రోజుల సగటు ప్రవాహం, పదేళ్లలో ఒకసారి మాత్రమే అంత తక్కువకు పడిపోయేంత అంకె. వాగు అంత బక్కచిక్కిన వారంలో కూడా చేప బతకాలన్నది లెక్క. ఆ అంకె సున్నా అయితే, పలచబడడమన్న మాటే ఉండదు. గొట్టం చివరనే నీరు వాగు నాణ్యతకు సరిపోవాలి.

అన్నిటికంటే ముద్దొచ్చే పనిముట్టు మాత్రం ఒక పురుగు. పేరు సెరియోడాఫ్నియా డూబియా. మిల్లీమీటరు పొడవు కూడా ఉండని నీటిపురుగు. టవర్‌లో వేసే మందుల తయారీ రహస్యం అమ్మేవాడు చెప్పడు. చెప్పినా, నాలుగు మందులూ ఉప్పూ కలిస్తే ఏమవుతుందో ఏ పట్టికలోనూ ఉండదు. అలాంటప్పుడు పురుగును అడుగుతారు. పది చిన్న కప్పులు, ఒక్కోదానిలో 15 మిల్లీలీటర్ల నీరు, ఒక్కో పురుగు. అవి పుట్టి 24 గంటలు దాటకూడదు, అన్నీ ఒకదానికొకటి 8 గంటల తేడాలో పుట్టినవై ఉండాలి. రోజూ నీరు మార్చి, ఈస్టూ నాచూ మేత వేసి, వారం రోజుల పాటు ఎన్ని పిల్లల్ని పెట్టాయో లెక్కపెడతారు. పక్కనే మంచినీటిలో ఇంకో పది. ఆ మంచినీటి పురుగుల్లో 80 శాతం బతకాలి, బతికిన తల్లికి సగటున 15 పిల్లలైనా ఉండాలి. లేకపోతే పరీక్షే చెల్లదు, మళ్లీ మొదటినుంచి. కంపెనీ నీటి మీద తీర్పు చెప్పే ముందు ప్రయోగశాల తన మీద తాను తీర్పు చెప్పుకోవాలి. చావకపోయినా పిల్లలు తగ్గాయంటే చాలు, ఆ నీటిలో ఏదో ఉందని అర్థం. కళ్లకు ఆనని పురుగు మాతృత్వాన్ని నదికి కాపలా పెట్టిన ఆ బుర్రకు నా దండం.

ఈ జాగ్రత్తలు లేనప్పుడు ఏమవుతుందో ఆరెగాన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఒడ్డున బోర్డ్‌మన్ దగ్గర చూడొచ్చు. అక్కడి రేవు సంస్థ పోర్ట్ ఆఫ్ మారో, ఆహార ఫ్యాక్టరీల వ్యర్థజలంతో పాటు అమెజాన్ డేటా సెంటర్ల నీటినీ తీసుకుని పొలాల మీద పారిస్తుంది. ఆ నేల కింది నీటిలో నైట్రేటు ముందునుంచీ ఎక్కువ, అందులో సింహభాగం ఎరువులదీ పశువుల పాకలదీ. డేటా సెంటర్ నైట్రేటు ఏమీ కలపదు. వచ్చిన నీటిలో ఉన్నదాన్నే ఆవిరితో చిక్కబరిచి తిరిగిస్తుంది, మా కూలర్‌లాగే. మోతాదు మించి పారించారని రాష్ట్రం 2022 జనవరిలో వేసిన 12.9 లక్షల డాలర్ల జరిమానా జూన్ నాటికి 21 లక్షలకు చేరింది. ఆ జూన్‌లోనే బావినీళ్ల గురించి కౌంటీ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అన్నీ ఒకే గొట్టంలో కలిశాక ఇది నీ వాటా, ఇది నా వాటా అని విడదీయడానికి ఇంకేం మిగులుతుంది?

మన గడపలోకి వద్దాం. డగ్లస్‌లో ఆ ఏర్పాటు చేసిన గూగులే, 2025 అక్టోబరు 14న విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది. దానికి అనుకున్న చోట్లు తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు అప్పటినుంచి పేపర్లలో నలుగుతున్నాయి. ప్రకటించిన సామర్థ్యం ఒక గిగావాటు, అంటే వెయ్యి మెగావాట్లు. అదంతా ఆవిరి పద్ధతిలోనే చల్లబరిస్తే, పైన కట్టిన లెక్క ప్రకారం నాలుగు రెట్ల దగ్గర రోజుకు 1.2 కోట్ల లీటర్ల బ్లోడౌన్, దాంతో 14 టన్నుల పైచిలుకు లవణాలు. నీరు ఆవిరి కానక్కర్లేని మూసిన వలయాలు ఇప్పుడు వస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ 2024 నుంచి కొత్త నమూనాలు అలాగే గీస్తున్నామంది. అలా కడితే ఈ అంకె కరిగిపోతుంది, బదులుగా కరెంటు బిల్లు పెరుగుతుంది. ఏ పద్ధతన్నది గీతలు గీసేటప్పుడే తేలాల్సిన సంగతి.

ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. కొండ మీద వాన పడితే ఉరుకుతుంది, ఎండాకాలం ఇసుక చూపిస్తుంది. ఏడు రోజుల పదేళ్ల కొలత పెట్టి చూస్తే చాలా గెడ్డలకు వచ్చే అంకె సున్నా. గెడ్డలో నీళ్లు లేని నెలలోనే టవర్ ఎక్కువ తాగుతుంది, ఎక్కువ వదులుతుంది. ఆ నెలలో గెడ్డంటే బ్లోడౌనే.

మన దగ్గర రాతకోతలు లేవనడం తప్పు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల మొదటి షెడ్యూల్లో థర్మల్ కేంద్రాల కూలింగ్ టవర్ బ్లోడౌన్‌కు పట్టిక ఉంది: క్లోరిన్ 0.5, జింకు 1.0, క్రోమియం 0.2, ఫాస్ఫేటు 5.0 మిల్లీగ్రాములు. ఫాస్ఫేటు చేర్చడం తెలివైన పని. చెరువులకు గుర్రపుడెక్క పట్టడానికి అదీ ఒక కారణం. తుప్పు ఆపే మిగతా రసాయనాలకు ఎక్కడికక్కడ హద్దు పెట్టాలన్న వాక్యమూ అందులో ఉంది. పలక బాగుంది, కీళ్లు తక్కువ. హద్దులన్నీ గాఢతలే, బరువు లేదు, గడియారం లేదు. ఆ రెండూ రాయడానికి అవకాశమున్న చోటు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్‌ఓ, అంటే నడపడానికిచ్చే సమ్మతి. 1974 నాటి నీటి చట్టం కింద మండలి అందులో తనకు తోచిన షరతు పెట్టవచ్చు.

మీ ఊరి దగ్గర డేటా సెంటర్ వస్తుంటే, వాడకం లెక్క వాళ్లే చెబుతారు, హోర్డింగు కూడా పెడతారు. మీరు సీఎఫ్‌ఓ నకలు అడగండి. బ్లోడౌన్ నీటిని మురుగు శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) నీళ్లతోనూ, వాననీళ్లతోనూ కలవక ముందు కొలవాలన్న షరతు అందులో ఉందో లేదో వెతకండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రుసుము 10 రూపాయలు.